మనకు కావాల్సింది చర్మానికి వైద్యం, రంగుకు సూది కాదు



పోస్టు కొంచెం పొడుగే. మెస్‌లో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి, కానీ చివరిదాకా చదవండి.

మేము ముండ్లమూరు మండలం, దాని చుట్టుపక్కల తండాల నుంచి, యానాది, ఎరుకల కాలనీల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. 2024 డిసెంబర్‌లో మూడు రోజులు వరసగా భూమి అదిరిందని టీవీల్లో చూశారు గదా, ఆ ముండ్లమూరే. మాలో చాలామందిమి ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం.

ఈ మధ్య గ్రూపులో, హాస్టల్ గదుల్లో ఒకే మాట తిరుగుతోంది. "గ్లూటాథయోన్ ఇంజెక్షన్ యాడ ఏస్తారు? ఎన్ని డోసులకు తెల్లబడతాం? పెళ్లికి రెండు నెలలే ఉంది, సరిపోద్దా?" రీల్స్‌లో చూస్తే చేతికి సెలైన్ పెట్టుకుని పడుకున్న అమ్మాయి, పక్కన ముందు ఫొటో, తర్వాత ఫొటో. దానికి గ్లో డ్రిప్ అని ఒక పేరు, బ్రైడల్ ప్యాకేజీ అని ఇంకో పేరు. అబ్బాయిలు కూడా తక్కువేం లేరు, సెలెక్షన్లకు, ఇంటర్వ్యూలకు మొహం బాగుండాలని అడుగుతున్నారు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. అందంగా ఉండాలనుకోవడం తప్పు కాదు. మొటిమలకు, మచ్చలకు డాక్టర్ కాడికి పోవడం తప్పు కాదు. కానీ తెల్లబడటానికి సూది వేయించుకోవడం మనకు వద్దు. మన స్కాలర్‌షిప్ డబ్బులు, మన అమ్మానాన్నల కూలి డబ్బులు దానికి పోకూడదు. ఎందుకు వద్దంటున్నామో ఒక్కొక్కటే చెప్తాం.

ముందు ఆ మందు ఏందో చూద్దాం. గ్లూటాథయోన్ మన ఒంట్లోనే తయారయ్యే పదార్థం. మూడు అమైనో ఆమ్లాలు కలిసి ఏర్పడుతుంది, కాలేయంలో ఎక్కువగా ఉంటుంది. ఇంజెక్షన్ రూపంలో దాన్ని మన దేశంలో వాడమన్నది మద్యం వల్ల దెబ్బతిన్న కాలేయం లాంటి జబ్బులకు. రంగు తగ్గడం అనేది దాని పక్క ప్రభావం. ఆ పక్క ప్రభావాన్నే ముందుకు తెచ్చి సరుకు చేసి అమ్ముతున్నారు. నరంలోకి ఎక్కించినది రక్తంలో నిమిషాల లెక్కలో తగ్గిపోతుంది. అందుకే ఒక డోసుతో అయిపోదు, మళ్లీ రా, మళ్లీ రా అంటారు. ఆపేస్తే కొన్నాళ్లకు పాత రంగే. అంటే ఇది కొనుక్కునేది కాదు, అద్దెకు తీసుకునేది. అద్దె కూడా డోసుకు వేలల్లో.

ఈ పిచ్చి మనకంటే ముందే ఫిలిప్పీన్స్ దేశంలో బాగా ముదిరింది. అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2011లోనే జనాన్ని హెచ్చరించింది. తెల్లబడటానికి ఈ ఇంజెక్షన్ వాడితే కిడ్నీలు, కాలేయం, నరాల వ్యవస్థ దెబ్బతినొచ్చు, చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే ప్రాణాంతకమైన రియాక్షన్ రావచ్చు అని చెప్పింది. అమెరికా నియంత్రణ సంస్థ అయితే చర్మం తెల్లబరిచే ఇంజెక్షన్ దేనికీ అనుమతి ఇవ్వలేదు. ఇంక సూది శుభ్రంగా లేకపోతే కామెర్ల వైరస్, హెచ్‌ఐవీ కూడా సూదితోపాటే వస్తాయి. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో, మనిషి రక్తాన్నే తీసి మొహానికి సూదులతో గుచ్చే ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్లకు హెచ్‌ఐవీ సోకిందని 2024లో అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీయే రిపోర్టు ఇచ్చింది. అంత పెద్ద దేశంలోనే అట్లా జరిగితే, మెట్ల కింద గదిలో పెట్టిన క్లినిక్‌లో మనకు గ్యారంటీ ఎవరిస్తారు?

బొటాక్స్, ఫిల్లర్ల గురించి కూడా కొందరు అడిగారు. వాటి గురించి అబద్ధం చెప్పం. బొటాక్స్ నిజమైన మందే. బొటులినమ్ అనే విషాన్ని అతి తక్కువ మోతాదులో వాడితే మెల్లకన్ను సరిచేయొచ్చని అలన్ స్కాట్ అనే అమెరికా కంటి డాక్టర్ కనిపెట్టాడు. 1989లో అక్కడ కంటి జబ్బులకే దానికి అనుమతి వచ్చింది. కనుబొమ్మల మధ్య ముడతలకు వాడటానికి అనుమతి వచ్చింది 2002లో. అదైనా కండరాన్ని కొన్ని నెలలు కదలనీయకుండా ఆపుతుంది, అంతే. ఇరవై ఏళ్ల మొహంలో ముడతలు యాడున్నాయి చెప్పండి? ఫిల్లర్ అంటే చర్మం కింద నింపే జెల్. అది పొరపాటున రక్తనాళంలోకి పోతే అక్కడికి రక్తం అందక చర్మం చచ్చిపోతుంది, కొన్నిసార్లు కంటిచూపే పోతుంది. అట్లా అయితే వెంటనే దాన్ని కరిగించే మందు చేతిలో ఉండాలి, అది వాడటం తెలిసిన డాక్టర్ ఎదురుగా ఉండాలి. రెండు వారాల కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకు తగిలించిన వాళ్ల చేతిలో మొహం పెట్టే సంగతి కాదు ఇది.

ఇప్పుడు మన అసలు బలహీనత దగ్గరికి వద్దాం. మన తండాల్లో, కాలనీల్లో ఒక నమ్మకం ఉంది. సూది ఏస్తేనే వైద్యం, సెలైన్ ఎక్కిస్తేనే బలం. జొరమొచ్చినా, నీరసమొచ్చినా మంచానికి కర్ర కట్టి బాటిల్ వేలాడదీస్తారు. మాత్రలు రాసిచ్చిన గవర్నమెంటు డాక్టర్‌ను "ఆయనకేం రాదు, సూది కూడా ఏయలేదు" అంటారు. ఆ బాటిల్‌లో ఉండేది ఉప్పునీళ్లో గ్లూకోజో అని చదువుకున్నాక మనకు తెలిసింది. సెలవులకు పోయినప్పుడు మనమే ఇంట్లోవాళ్లకు చెప్తాం, అమ్మా ఊరికే సెలైన్ పెట్టించుకోవద్దు, డబ్బులు దండగ అని. మరి అదే సెలైన్‌కు ఏసీ గది, పింక్ గోడ, ఇంగ్లీషు పేరు పెడితే మనం ఎందుకు నమ్మాలి? గ్లో డ్రిప్ అంటే మన ఊరి సెలైన్ బాటిలే, టౌన్ రేటుకు. అమ్మను మోసం చేసిన నమ్మకమే, చదువుకున్న మనల్నీ మోసం చేస్తోంది.

సూదికి డబ్బుల్లేని వాళ్లను పట్టుకునేది క్రీము. ఇది ఇంకా పెద్ద ప్రమాదం, ఎందుకంటే చవక, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. మా హాస్టల్లో ఒక చెల్లి మొహానికి రాస్తుందని ఒక ట్యూబ్ తెచ్చుకుంది. షాపాయనే ఇచ్చాడంట. మొదటి నెల మెరిసిపోయింది, మిగతా అమ్మాయిలు కూడా అదే పేరు రాసుకున్నారు. మూడో నెలకు బుగ్గలు ఎర్రగా కంది, చిన్న చిన్న నరాలు బయటపడ్డాయి. గడ్డం మీద వెంట్రుకలు వచ్చాయి. ఎండలోకి వస్తే మంట. క్రీము ఆపితే మొహమంతా పొక్కులు, మళ్లీ రాస్తేనే తగ్గేది. సెమిస్టర్ పరీక్షలకు మొహానికి చున్నీ చుట్టుకుని పోయింది. ఆ ట్యూబ్‌లో ఉన్నది స్టెరాయిడ్. చర్మ డాక్టర్లు ఈ జబ్బుకు స్టెరాయిడ్ పాడుచేసిన మొహం అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు, అంతమంది వస్తున్నారు వాళ్ల దగ్గరికి.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఎగ్జిమా లాంటి వాటికి డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తుంది. తెల్లబడటానికి నెలల తరబడి రాస్తేనే చర్మాన్ని పల్చబరుస్తుంది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇట్లాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కాబట్టి చీటీ అడగకుండా ఇచ్చారంటే అది మన మీద దయ కాదు, రూల్ తప్పడం. ట్యూబ్ వెనక చదవండి. బీటామెథజోన్, క్లోబెటసాల్, మొమెటజోన్, ఫ్లూసినోలోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. కాగితం మీద ఎర్ర గీత ఉంటే ఆగండి.

పేరూ ఊరూ లేని క్రీములైతే ఇంకో విషం, పాదరసం. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వాళ్లలో 15 మందికి అరుదుగా కనపడే రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడామని ఒప్పుకున్నారు. మన కనిగిరి వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బులతో ఇళ్లకిళ్లు ఎట్లా ఖాళీ అవుతున్నాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. డయాలసిస్ కోసం ఒంగోలు తిరిగే ఇళ్లు మనకు తెలుసు. మళ్లీ మొహం మీద నుంచి కూడా కిడ్నీకి కష్టం తెచ్చుకుందామా?

ఇంత తెలిసినా ఎందుకు పోతున్నారు? తెలివి లేక కాదు. ఇది మాట్లాడకుండా "వద్దు, వద్దు" అంటే ఉపయోగం లేదు. మన పిల్లలను క్లాసులో ఏమని పిలుస్తారో మనకు తెలుసు. నల్లోడా, కాకి, బొగ్గు అని. కల్చరల్ ప్రోగ్రాంలో మన డాన్స్ కావాలి గానీ, ముందు వరుసలో మన మొహం వద్దు. పెళ్లిచూపుల్లో "పిల్ల మంచిదే గానీ రంగు తక్కువ" అంటారు, కట్నం పెరుగుతుంది. మన తండాలోనే, మన కాలనీలోనే ఈ మాట అనే వాళ్లు ఉన్నారు, బయటివాళ్లను మాత్రమే తిట్టి లాభం లేదు. అట్లాంటి మాటలు పదేళ్లు విన్న అమ్మాయి రీల్ చూసి చెయ్యి చాపితే ఆ అమ్మాయిని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు.

కానీ ఆ సిగ్గును మనకు ఎవరు అమ్మారో గుర్తుపెట్టుకోవాలి. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. నల్లగా ఉంటే ఉద్యోగం రాదు, పెళ్లి కాదు అనే కథను ఇట్లాంటి ప్రకటనలే ఇంటింటికీ చూపించాయి. నల్లరంగును చిన్నచూపు చూసేట్టు ప్రకటనలు చేయొద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమాలు పెట్టింది. 2020లో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. ఫెయిర్ పోయింది, గ్లో వచ్చింది. ఇప్పుడు డ్రిప్ వాళ్లు కూడా తెలుపు అనరు, గ్లో అంటారు. మాట మారింది, సరుకు అదే. మన సాయి పల్లవి ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటన వద్దనుకున్న సంగతి 2019లో తనే చెప్పింది. కోట్లు వద్దనుకోవడం ఆమెకు సాధ్యమైతే, వేలు ఇవ్వకుండా ఉండటం మనకు సాధ్యమే.

సైన్స్ కూడా ఒక మాట చెప్తుంది. తెల్లవాళ్లకైనా నల్లవాళ్లకైనా రంగు తయారుచేసే కణాలు దాదాపు అన్నే ఉంటాయి. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ రకం అన్నదే తేడా. ఆ మెలనిన్ ఎండ నుంచి కాపాడే గొడుగు. మన అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకోతలకు పోయి ఎండలో వంగి కోసేది, పొగాకు తోటల్లో ఆకు కొట్టేది ఆ గొడుగు కిందే. మన ఫీజు ఆ చర్మమే కట్టింది. దాన్ని కరిగించడానికి మళ్లీ ఆ కూలి డబ్బులే ఖర్చు పెట్టడం ఎంత అన్యాయం!

అయితే మన చర్మానికి వైద్యం అక్కర్లేదా అంటే, అక్కరుంది. చాలా అక్కరుంది. మేము చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే.

హాస్టల్లో ఎంతమందికి గజ్జి ఉందో చెప్పండి. రాత్రయితే వేళ్ల సందుల్లో, నడుము దగ్గర దురద, ఒకరి నుంచి గదంతా. దానికి పర్మెత్రిన్ అనే పూతమందు ఉంది. మెడ నుంచి అరికాలిదాకా రాత్రి రాసుకుని పొద్దున కడుక్కోవాలి, డాక్టర్ చెప్పినట్టు వారానికి మళ్లీ రాయాలి. కిటుకంతా ఒక్కటే, గదిలో అందరూ ఒకే రాత్రి రాయాలి, దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఒక్కరే రాస్తే నెలకు మళ్లీ వస్తుంది. తామర కూడా అంతే, తడి బట్టలు, ఇరుకు గదులు, నీళ్ల కరువు దానికి కారణం. దానికి స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే రెండు రోజులు దురద తగ్గి, తర్వాత ఒళ్లంతా పాకుతుంది.

ఇంకోటి జాగ్రత్తగా వినండి. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే అది అందం సమస్య కాదు, కుష్టు కావచ్చు. దాని మీద క్రీము రాసి దాచొద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం, 6 నెలల నుంచి 12 నెలలు వాడితే పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే వేళ్లు వంకరపోతాయి.

పళ్ల సంగతి కూడా అంతే. మన దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అన్నారు. చిన్నప్పుడు అంతకు మించిన నీళ్లు తాగితే పళ్ల మీద పసుపు, గోధుమ రంగు గారలు వస్తాయి. నవ్వడానికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు మన క్లాసుల్లో ఎంతమందో. దీనికి పళ్లు తెల్లబరిచే ప్యాకేజీ కాదు, ఊరికి మంచినీళ్లు కావాలి. చూడండి, మన ఒంటి మీద కనపడే ప్రతిదాని వెనకా నీళ్లు, గది, ఆసుపత్రి ఉన్నాయి. అవి అడగాల్సిన గొంతుతో మనం డ్రిప్ రేటు అడుగుతున్నాం.

ఒక సీనియర్ అన్న మాతో అన్నాడు. "నా డబ్బు, నా ఒళ్లు. డబ్బున్నోళ్లు చేయించుకుంటే ఫ్యాషన్, మనం చేయించుకుంటే తప్పా?" అని. ప్రశ్న న్యాయమైనదే. అన్నా, నీ ఒళ్లు నీదే, నిన్ను ఆపే అధికారం మాకు లేదు. కానీ డబ్బున్నోళ్లకు రియాక్షన్ వస్తే కారులో కార్పొరేట్ ఆసుపత్రికి పోతారు. మనకు వస్తే 108 కోసం రోడ్డు మీద నిలబడాలి, అప్పు కోసం మేస్త్రీ కాడికి పోవాలి, ఆ అప్పు తీర్చడానికి చెల్లి చదువు మానేయాలి. ప్రమాదం ఒకటే గానీ, పడే చోటు వేరు. సమానత్వం అంటే వాళ్లు వేయించుకున్న సూదే మనమూ వేయించుకోవడం కాదు. వాళ్లకు దొరికే చర్మ డాక్టర్ మనకూ దొరకడం.

అందుకే గ్రూపు ముందు ఈ పనులు పెడుతున్నాం.

1. గ్రూపులో డ్రిప్, ఇంజెక్షన్, తెల్లబడే క్రీముల ప్రచారం పోస్టులు పెట్టనీయొద్దు. కమిషన్ కోసం పెట్టేది మన పిల్లలే అయినా సరే, అడ్మిన్లు తీసేయాలి.

2. ప్రతి హాస్టల్‌కు ఏడాదికి రెండుసార్లు చర్మవైద్య శిబిరం పెట్టాలని వార్డెన్ ద్వారా గిరిజన సంక్షేమ శాఖకు అర్జీ ఇద్దాం. గజ్జికి అందరికీ ఒకే రోజు మందు ఇవ్వాలని అందులో రాద్దాం. అర్జీ నకలు మేము తయారుచేసి పెడతాం.

3. మొటిమలు, మచ్చలు, తామర ఏదైనా ఒంగోలు రిమ్స్ చర్మవ్యాధుల ఓపీకి పోదాం. ఒక్కరే పోవడానికి మొహమాటమైతే నలుగురు కలిసి పోదాం. ప్రైవేటుకు పోతే డాక్టర్ చర్మవ్యాధుల్లో ఎండీ గానీ డిప్లొమా గానీ చేశారా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అడుగుదాం. అడగడం మర్యాద తప్పడం కాదు.

4. ఇప్పటికే క్రీము వాడుతున్న వాళ్లు భయపడి ఒక్కసారిగా మానేయొద్దు, సిగ్గుపడి దాచొద్దు. ట్యూబ్ తీసుకుని డాక్టర్‌కు చూపించండి. మందు వికటిస్తే ఫిర్యాదు చేయడానికి కేంద్రం పెట్టిన ఉచిత నంబర్ 1800 180 3024. ఎవరైనా చేయొచ్చు.

5. రంగు పేరుతో పిలవడం మన గదుల్లో ఈ రోజు నుంచే ఆపుదాం. సరదాకు కూడా వద్దు. సూది కొనిపించేది ఆ సరదానే.

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ తండాలో, కాలనీలో తెల్లబడే క్రీము ఎంతమంది వాడుతున్నారో, ఏ పేరో అడిగి కామెంట్‌లో రాయండి. మనుషుల పేర్లు వద్దు, ఊరు, క్రీము పేరు చాలు. అర్జీతోపాటు ఆ జాబితా కూడా జత చేద్దాం. ఒప్పుకోని వాళ్లు కూడా రాయండి, జవాబిస్తాం.

— ముండ్లమూరు వైపు గిరిజన హాస్టల్ విద్యార్థులం